కరెంటుతో చర్మం గుండా మందు: ఏది దాటుతుంది, ఎంత దాటుతుంది, ఎందుకు ఆగిపోతుంది

హైదరాబాదులో ఏ ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్లినా "కరెంటు పెట్టించుకోవడం" అనే మాట వినిపిస్తుంది. మెడనొప్పికో, మోకాలినొప్పికో, మడమనొప్పికో చర్మం మీద తడి మెత్తలు అంటించి, వాటికి తీగలు తగిలించి, పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టే చికిత్సలన్నిటికీ జనం వాడే మాట అదొక్కటే. వీటిలో చాలా చికిత్సల్లో ఒంట్లోకి మందేమీ వెళ్లదు. టెన్స్, ఐ.ఎఫ్.టి. అని పిలిచే పద్ధతుల్లో కరెంటు స్పందనలు నరాలను ప్రేరేపించి నొప్పి తెలియడాన్ని తగ్గిస్తాయి. మెత్తల్లో ఉండేది నీళ్లో, జెల్లో మాత్రమే. వీటికి భిన్నంగా అయాంటోఫొరెసిస్ అనే పద్ధతిలో మెత్తలోనే మందు ద్రావణం ఉంటుంది. ఒకే దిశలో ప్రవహించే అతి స్వల్పమైన కరెంటు ఆ మందును చర్మం గుండా లోపలికి నెడుతుంది. యంత్రం, తీగలు, మెత్తలు పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, తనకు ఏది జరిగిందో చికిత్స చేయించుకున్న మనిషికే చాలాసార్లు తెలియదు.

ఇప్పుడు ఆ యంత్రం చిన్న బ్యాటరీగా మారి ప్యాచ్‌లోనే ఇమిడిపోతోంది. దానితో పాటు ఆశలూ పెరిగాయి. ఇంజెక్షన్లు పోతాయని, మాత్రలు మింగే పని ఉండదని, ఇన్సులిన్ కూడా చర్మం మీద అంటించుకుంటే సరిపోతుందని మాటలు వినిపిస్తున్నాయి. వీటిలో ఏది సాధ్యమో, ఏది కాదో చెప్పడానికి నమ్మకాలూ అనుమానాలూ అక్కర్లేదు. మందు అణువు ఎంత పెద్దది, దాని మీద విద్యుదావేశం ఉందా, రోజుకు అది ఎన్ని మిల్లీగ్రాములు కావాలి అనే మూడు ప్రశ్నలు చాలావరకు తేల్చేస్తాయి.

చర్మం ఎందుకు అడ్డుకుంటుంది

చర్మంలో అన్నిటికన్నా పైన ఉండే పొరను స్ట్రేటమ్ కార్నియమ్ అంటారు. ఒంటి మీద చాలాచోట్ల దాని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా మించదు. కెరాటిన్‌తో నిండి చదునైన మృతకణాలు ఇటుకల్లా పేర్చుకుని ఉంటే, వాటి మధ్య సందులను కొవ్వు పదార్థాలు సున్నంలా పూడ్చిన గోడ అది. ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా కాపాడేదీ, బయటి రసాయనాలు లోపలికి రాకుండా ఆపేదీ ఈ పొరే. మందు దీన్ని దాటితే చాలు, కింద రక్తకేశనాళికలు సిద్ధంగా ఉంటాయి.

కొవ్వులో కొంత, నీటిలో కొంత కరిగే చిన్న అణువులు ఈ గోడను నెమ్మదిగా దాటగలవు. అణుభారం 500 డాల్టన్లలోపు ఉండాలని, రోజుకు కావలసిన మోతాదు కొద్ది మిల్లీగ్రాములకు మించకూడదని ఔషధ శాస్త్రజ్ఞులు స్థూలంగా ఒక హద్దు గీస్తారు. విద్యుదావేశం ఉన్న అణువులకు మాత్రం ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే, ఎందుకంటే అవి నీటిని వదిలి కొవ్వులోకి వెళ్లవు.

మామూలు ప్యాచ్ బలం, పరిమితి

కరెంటు లేని ప్యాచ్‌లు కొత్తవేమీ కావు. ప్రయాణాల్లో వికారం రాకుండా చెవి వెనుక అంటించే స్కోపొలమిన్ ప్యాచ్‌కు అమెరికాలో 1979లో అనుమతి వచ్చింది. తర్వాత గుండెనొప్పికి నైట్రోగ్లిసరిన్, తీవ్రమైన నొప్పికి ఫెంటనిల్, పొగతాగడం మానేవారికి నికోటిన్ వరుసగా వచ్చాయి. ప్యాచ్‌లో మందు గాఢత ఎక్కువగా, చర్మం లోపల తక్కువగా ఉంటుంది; ఆ తేడాయే మందును నడిపిస్తుంది.

ఈ నడక నిదానంగా మొదలవుతుంది, నిదానంగానే ఆగుతుంది. క్యాన్సర్ నొప్పికి వాడే ఫెంటనిల్ ప్యాచ్‌ను సాధారణంగా 72 గంటలకు ఒకసారి మారుస్తారు. అంటించిన వెంటనే నొప్పి తగ్గదు, మందు రక్తంలో తగినంత చేరడానికి చాలా గంటలు పడుతుంది. తీసేశాక కూడా చర్మంలో నిలవున్న మందు గంటల తరబడి రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. పైగా వేడి తగిలితే చర్మం గుండా మందు వేగంగా వెళుతుంది కాబట్టి, ఆ ప్యాచ్ ఉన్నచోట వేడినీటి కాపడం, హీటింగ్ ప్యాడ్, ఎక్కువసేపు ఎండ తగలడం ప్రమాదమని దాని హెచ్చరికల్లో ఉంటుంది. మే నెల హైదరాబాదులో ఆ హెచ్చరికను మామూలు లాంఛనంగా తీసుకోవడానికి వీల్లేదు. అవసరమైనప్పుడు మొదలుపెట్టి, వద్దనుకున్నప్పుడు ఆపగలిగే ప్యాచ్ కావాలన్న కోరిక ఇక్కడి నుంచే పుట్టింది. కరెంటు మీద ఆసక్తికి ఇది ఒక కారణం. ఆవేశం ఉన్న మందులను కూడా దాటించవచ్చన్నది రెండోది.

కరెంటు మందును నెట్టే తీరు

ఫ్రాన్సులోని నాంత్ నగరానికి చెందిన స్టెఫాన్ లెడ్యుక్ ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో చేసిన ప్రయోగం దీని మూలసూత్రాన్ని సందేహానికి తావులేకుండా చూపింది. రెండు కుందేళ్లను ఒకే వలయంలో, కరెంటు ఒకదాని గుండా వెళ్లి రెండోదానిలోకి ప్రవేశించేలా కలిపాడు. మొదటి కుందేలు ధన ఎలక్ట్రోడ్ కింద స్ట్రిక్‌నిన్ ద్రావణం, రెండో కుందేలు రుణ ఎలక్ట్రోడ్ కింద సైనైడ్ ద్రావణం పెట్టాడు. కరెంటు పారగానే రెండూ చనిపోయాయి, ఒకటి స్ట్రిక్‌నిన్ తెచ్చిన మూర్ఛలతో, మరొకటి సైనైడ్ విషంతో. అవే ద్రావణాలను అలాగే ఉంచి కరెంటు దిశను తారుమారు చేసినప్పుడు ఏ కుందేలుకూ ఏమీ కాలేదు. ఈ రోజుల్లో ఏ నైతిక సంఘమూ ఒప్పుకోని ప్రయోగం అది. అయినా అది తేల్చిన విషయం స్థిరంగా నిలిచింది: విషం తనంతట తాను చర్మంలోకి ఇంకలేదు, కరెంటే దాన్ని నెట్టింది, ఆ నెట్టుడు కూడా ఆవేశపు గుర్తును బట్టి ఒక దిశలోనే సాగింది.

కారణం హైస్కూలు భౌతికశాస్త్రంలోనిదే. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి. మత్తుమందు లిడొకెయిన్ ద్రావణంలో ధనావేశంతో ఉంటుంది కాబట్టి దాన్ని ధన ఎలక్ట్రోడ్ కింద పెడతారు. వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ సోడియం ఫాస్ఫేట్ రుణావేశంతో ఉంటుంది కాబట్టి దాన్ని రుణ ఎలక్ట్రోడ్ కింద పెడతారు. రెండో ఎలక్ట్రోడ్‌ను కాస్త దూరంలో అంటిస్తే శరీరం గుండా వలయం పూర్తవుతుంది. తీగలు తారుమారైతే చికిత్స జరిగినట్టే కనిపిస్తుంది, చర్మం చిమచిమలాడుతుంది కూడా, కానీ మందు మాత్రం మెత్తలోనే ఉండిపోతుంది.

దీనికి తోడు నిదానంగా పనిచేసే రెండో బలం ఒకటుంది. శరీరపు సాధారణ పరిస్థితుల్లో చర్మం లోపలి సూక్ష్మమార్గాల గోడల మీద రుణావేశం ఉంటుంది. అందువల్ల ఆ మార్గాల్లో సోడియంలాంటి ధన అయాన్ల కదలికదే పైచేయి అవుతుంది, వాటితోపాటు నీరు కూడా ధన ఎలక్ట్రోడ్ నుంచి రుణ ఎలక్ట్రోడ్ వైపు సాగుతుంది. దీన్ని విద్యుత్ ద్రవాభిసరణ అంటారు. ఈ నీటి ప్రవాహంలో ఆవేశం లేని అణువులు కూడా కొద్దిగా కొట్టుకుపోతాయి. ఇక మందు వెళ్లే దారి విషయానికొస్తే, కరెంటు చర్మమంతటా సమానంగా పారదు. ప్రతిఘటన తక్కువగా ఉండే స్వేదనాళాలు, రోమకూపాల గుండానే ఎక్కువగా పారుతుంది.

ఎంత కరెంటుకు ఎంత మందు: నాలుగు లెక్కలు

ఈ విషయంలో అసలైన స్పష్టత ఇచ్చేది ఫారడే సూత్రం. ఒక మోల్ ఏకావేశ అయాన్లను మోయడానికి దాదాపు 96,485 కూలుంబుల విద్యుత్తు కావాలి. ఒక మిల్లీ ఆంపియర్ కరెంటు ఒక గంట పారితే 3.6 కూలుంబులు, అంటే సుమారు 37 మైక్రోమోళ్ల ఆవేశం కదులుతుంది. ఆ ఆవేశమంతా మందు అణువులే మోస్తే లెక్క సులువుగా ఉండేది. కానీ ద్రావణంలో, ఒంట్లో సోడియం, క్లోరైడ్ అయాన్లు పుష్కలంగా ఉన్నాయి. అవి మందు కన్నా చిన్నవి, చురుకైనవి. శరీరం లోపలి నుంచి ఎదురువచ్చే క్లోరైడ్ అయాన్లు కూడా అదే కరెంటులో వాటా తీసుకుంటాయి. అందుకే మందుకు దక్కేది సాధారణంగా కరెంటులో పదోవంతు చుట్టుపక్కలే.

మొదట ఫెంటనిల్‌ను తీసుకుందాం. దీని అణుభారం సుమారు 336. ఐయాన్సిస్ అనే ప్యాచ్‌లో ఒక మీట నొక్కితే పది నిమిషాల్లో 40 మైక్రోగ్రాముల మందు వెళ్లేలా రూపొందించారు. 40 మైక్రోగ్రాములంటే 0.12 మైక్రోమోళ్లు, కరెంటంతా మందే మోస్తే పది నిమిషాలకు 19 మైక్రో ఆంపియర్లు సరిపోవాలి. ఆ పరికరం వాడింది 170 మైక్రో ఆంపియర్లు. అంటే మందు వాటా తొమ్మిదో వంతు. కాగితం మీది లెక్కా, పరికరం నిజంగా చేసిన పనీ ఇంత దగ్గరగా కలవడం ఈ రంగం గట్టి పునాది మీద ఉందనడానికి మంచి నిదర్శనం. తొలి గంటల్లో మాత్రం ప్రతి నొక్కుకీ అందే మందు 40 మైక్రోగ్రాముల కన్నా తక్కువగానే ఉంటుంది, చర్మం క్రమంగా అలవాటుపడ్డాకే ఆ స్థాయికి చేరుతుంది.

ఇప్పుడు జ్వరానికి అందరూ వేసుకునే 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర. అణుభారం 151. ఆ ఒక్క మాత్రలో 4.3 మిల్లీమోళ్లు ఉంటాయి. ప్రతి అణువు మీదా ఒక ఆవేశం ఉందనుకుని, కరెంటంతా అవే మోస్తాయనుకున్నా 415 కూలుంబులు కావాలి. ఒక మిల్లీ ఆంపియర్ కరెంటుతో అది 115 గంటలు, దాదాపు ఐదు రోజులు. పదోవంతు వాటాతో చూస్తే నలభై ఏడెనిమిది రోజులు. అదీ ఒక్క మాత్రకు. నిజానికి చర్మం మీది సాధారణ ఆమ్లత్వంలో పారాసిటమాల్‌కు ఆవేశమే ఉండదు. కాబట్టి "మాత్రలన్నిటి బదులు ప్యాచ్" అన్న ఆశకు ఈ ఒక్క లెక్కే సమాధానం. మైక్రోగ్రాముల్లోనో, కొద్ది మిల్లీగ్రాముల్లోనో పనిచేసే శక్తిమంతమైన మందులకే ఈ పద్ధతి సరిపోతుంది.

మూడోది ఇన్సులిన్. ఇక్కడ లెక్క తప్పుదారి పట్టించే అవకాశం ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చూడాలి. రోజుకు 40 యూనిట్లు కావలసిన మనిషికి బరువులో కావలసింది సుమారు 1.4 మిల్లీగ్రాములే. ఇన్సులిన్ అణుభారం దాదాపు 5,800 కాబట్టి ఇది 0.24 మైక్రోమోళ్లు. ఒక్కో అణువు మీద రెండు రుణావేశాలు ఉన్నాయనుకుంటే, మొత్తం కరెంటు ఇన్సులినే మోసే పక్షంలో ఒక మిల్లీ ఆంపియర్‌తో ఒక నిమిషం కూడా పట్టదు. ఇది చూసి ఎవరికైనా ఉత్సాహం కలుగుతుంది. కానీ ఆ పక్షమే నిలవదు. అణువు పెద్దదయ్యేకొద్దీ చర్మంలో దాని చలనశీలత విపరీతంగా పడిపోతుంది, కరెంటులో దాని వాటా పదోవంతు నుంచి లెక్కకు అందనంత చిన్నదవుతుంది. పైగా ఇన్సులిన్ అణువులు ఆరేసి కలిసి గుంపులు కడతాయి. అది రుణావేశ అణువు కాబట్టి నీటి ప్రవాహం కూడా దానికి ఎదురుగానే వస్తుంది. మధుమేహం ఇంతగా ఉన్న మన నగరంలో సూది లేని ఇన్సులిన్ కోసం ఎదురుచూసేవారి ఆశ ఎంత న్యాయమైనదో నాకు తెలుసు. అందుకే సూటిగా చెప్పడం అవసరం: చెక్కుచెదరని చర్మం గుండా, కరెంటు ఒక్కదానితో, మనిషికి చాలినంత ఇన్సులిన్ పంపి ఇంజెక్షన్ మాన్పించే ఉత్పత్తి ఏదీ వాడుకలోకి రాలేదు.

నాలుగో లెక్క పార్శ్వపు నొప్పికి (మైగ్రేన్‌కు) వాడే సుమట్రిప్టాన్‌ది. దాన్ని కింద, ఆ ప్యాచ్ కథతో పాటే చూద్దాం.

చర్మం ఎందుకు కాలుతుంది

లోహపు ఎలక్ట్రోడ్‌ను నీటి ద్రావణంలో పెట్టి కరెంటు పంపితే విద్యుత్ విశ్లేషణ జరుగుతుంది. ధన ఎలక్ట్రోడ్ వద్ద ఆమ్లం, రుణ ఎలక్ట్రోడ్ వద్ద క్షారం పుడతాయి. కరెంటు స్వల్పమే అయినా చాలాసేపు పారితే చర్మం మీద రసాయనిక కాలిన గాయం ఏర్పడుతుంది, ముఖ్యంగా క్షారం చేసే గాయం లోతుగా ఉంటుంది. వేడి వల్ల కాదు కాబట్టి ఆ సమయంలో మంట అంతగా తెలియకపోవచ్చు కూడా. దీనికి విరుగుడుగా వెండి, సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్లు వాడతారు. అప్పుడు నీటికి బదులు వెండి, క్లోరైడ్ రసాయన చర్యలో పాల్గొంటాయి, ఆమ్లత్వం పెద్దగా మారదు. వెండి మీద ఉన్న పూత అయిపోయాక మాత్రం మళ్లీ నీటి విశ్లేషణే మొదలవుతుంది. కాబట్టి ఎంతసేపు వాడవచ్చన్నది బ్యాటరీ ఒక్కటే నిర్ణయించేది కాదు.

రెండో రక్షణ కరెంటు సాంద్రత. చదరపు సెంటీమీటరుకు 0.5 మిల్లీ ఆంపియర్ అన్నది విస్తృతంగా పాటించే గరిష్ఠ పరిమితి. మెత్త ఒక అంచున లేచిపోయినా, మధ్యలో గాలిబుడగ ఉన్నా, చర్మం మీద చిన్న గీరుడు ఉన్నా అదే కరెంటు తక్కువ వైశాల్యంలోకి ఇరుక్కుని సాంద్రత పెరిగిపోతుంది. చికిత్స మోతాదును కరెంటును నిమిషాలతో గుణించి చెబుతారు. ఉదాహరణకు 2 మిల్లీ ఆంపియర్లు 20 నిమిషాలైనా, 4 మిల్లీ ఆంపియర్లు 10 నిమిషాలైనా మోతాదు 40 మిల్లీ ఆంపియర్ నిమిషాలే. మందు పరిమాణం రెండింట్లో ఒకటే కావచ్చు, చర్మం భరించేది మాత్రం ఒకటి కాదు. పేస్‌మేకర్ ఉన్నవారికి, మెత్త పెట్టేచోట గాయమో లోహపు ఇంప్లాంటో ఉన్నవారికి, ఆ మందు పడనివారికి సాధారణంగా ఈ చికిత్స చేయరు.

ఆసుపత్రుల్లో స్థిరపడిన వాడుకలు

ఈ పద్ధతికి అత్యంత తిరుగులేని విజయం చికిత్సలో కాదు, రోగ నిర్ధారణలో దక్కింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి ఉన్న పిల్లల చెమటలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది. పసిబిడ్డకు చెమట పట్టించడం ఎలా అన్న సమస్యకు 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు పరిశోధకులు మార్గం చూపారు. పైలోకార్పిన్ అనే మందును ముంజేతి చర్మంలోకి కరెంటుతో కొద్ది నిమిషాలు పంపితే అక్కడి స్వేదగ్రంథులు చెమటను స్రవిస్తాయి. దాన్ని అరగంట సేకరించి క్లోరైడ్ కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోళ్లు, అంతకు మించి ఉంటే ఆ వ్యాధిని గట్టిగా సూచిస్తుంది. కావలసింది అతి కొద్ది మందు, చేరవలసింది చర్మంలోని గ్రంథులకే. పై లెక్కలన్నీ ఇక్కడ అనుకూలంగా కుదిరాయి.

అరచేతులు, అరికాళ్లు ధారగా చెమట పట్టే సమస్యకు చర్మవ్యాధి నిపుణులు వాడేది ఇంకా సరళం. మందే ఉండదు, ట్రేలలో కుళాయి నీళ్లు పోసి, చేతులు ముంచి, 15 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల వరకు కరెంటును సుమారు ఇరవై నిమిషాలు పంపుతారు. వారానికి కొన్నిసార్లు చొప్పున కొన్ని వారాలు చేస్తే చెమట తగ్గుతుంది, మానేస్తే మెల్లగా తిరిగొస్తుంది కాబట్టి నిర్వహణ చికిత్స అవసరం. ఇది ఎలా పనిచేస్తుందన్న దాని మీద స్వేదనాళాలు తాత్కాలికంగా మూసుకుపోతాయన్న వాదన, గ్రంథికి అందే సంకేతాలు దెబ్బతింటాయన్న వాదన రెండూ ఉన్నాయి. ఇంట్లో యంత్రం కొనుక్కునేవారికి పనికొచ్చే ఒక సంగతి ఏమిటంటే, బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి కరెంటు బాగా పారుతుంది, ఆర్.ఓ. నీళ్లలో పెద్దగా పారదు.

సూది గుచ్చే ముందు చర్మాన్ని మొద్దుబార్చడానికి లిడొకెయిన్‌ను కరెంటుతో పంపే లిడోసైట్ అనే ఉత్పత్తికి అమెరికాలో 2004లో అనుమతి లభించింది. అందులో లిడొకెయిన్‌తో పాటు ఎపినెఫ్రిన్ కూడా ఉండేది. అది రక్తనాళాలను కుంచింపజేసి మందును అక్కడే నిలుపుతుంది. లేకపోతే చర్మం దాటిన మందును రక్తం వెంటనే కొట్టుకుపోతుంది. తర్వాతి వివాదానికి మూలం సరిగ్గా ఇదే.

కీళ్ల, కండర బంధనాల నొప్పికి పనిచేస్తుందా

మోచేతి నొప్పికి, మడమనొప్పికి డెక్సామెథసోన్‌ను కరెంటుతో పంపడం ఫిజియోథెరపీలో చాలాకాలంగా ఉన్న వాడుక. దీన్ని సమర్థించేవారి వాదన బలమైనదే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పి, కండరాన్ని ఎముకకు కలిపే బంధనం దెబ్బతినే ప్రమాదం లేకుండా మందు స్థానికంగా చేరుతుంది, కడుపులోకి, ఒళ్లంతటికీ వెళ్లే మోతాదు అతి స్వల్పం, వ్యాయామం మొదలుపెట్టడానికి కావలసిన ఉపశమనం తొలి వారాల్లో దొరుకుతుంది.

సందేహించేవారు రెండు ప్రశ్నలు వేస్తారు. మొదటిది లోతు. చర్మం దాటిన మందులో ఎంత భాగం సెంటీమీటరు, అంతకు మించిన లోతులో ఉన్న బంధనానికి చేరుతుంది, ఎంత భాగం కేశనాళికల్లో కలిసి వెళ్లిపోతుంది? చర్మానికి అతి దగ్గరగా ఉన్న బంధనాలకు చేరడం నమ్మదగినదే, మోకాలి కీలు లోపలికి చేరడం నమ్మడం కష్టం. రెండోది తులనాత్మక పరీక్షల ఫలితాలు. కొన్నిటిలో మందు లేని ద్రావణంతో పోలిస్తే తొలి రోజుల్లో తేడా కనిపించింది, నెల గడిచేసరికి ఆ తేడా చెరిగిపోయింది. మరికొన్నిటిలో మొదటి నుంచీ తేడాయే లేదు. కరెంటు స్పర్శ, చికిత్సకుడి శ్రద్ధ, విశ్రాంతి కూడా నొప్పిని తగ్గిస్తాయి కాబట్టి వీటిని మందు ప్రభావం నుంచి విడదీయడం సులువు కాదు. నా అంచనాలో ఇక్కడ బరువు సందేహించేవారి వైపే కొంత ఎక్కువ. అయితే అది ఈ పద్ధతి మొత్తానికి వ్యతిరేకమైన తీర్పు కాదు, లోతైన కణజాలానికి దాన్ని వాడటం గురించిన తీర్పు మాత్రమే.

వచ్చి వెళ్లిపోయిన రెండు ప్యాచ్‌లు

ఐయాన్సిస్‌కు అమెరికాలో, యూరప్‌లో 2006లో అనుమతి వచ్చింది. శస్త్రచికిత్స తర్వాత ఆసుపత్రి మంచం మీద ఉన్న రోగి తనకు నొప్పి అనిపించినప్పుడు తానే మీట నొక్కుకునే ప్యాచ్ అది. సెలైన్ తీగ, పంపు అక్కర్లేదు, 24 గంటలు లేదా 80 మోతాదులు అయ్యాక ఆగిపోతుంది. కానీ 2008లో ఒక భాగంలో తుప్పు కనిపించింది. దానివల్ల ఎవరూ నొక్కకుండానే పరికరం పనిచేయడం మొదలుపెట్టే ప్రమాదం ఉందని తేలడంతో యూరప్‌లో అనుమతి నిలిపివేశారు. ఫెంటనిల్ మోతాదు మించితే శ్వాస ఆగిపోతుంది కాబట్టి అది సరైన నిర్ణయమే. మందు భాగాన్నీ, ఎలక్ట్రానిక్ భాగాన్నీ వాడేవరకు విడిగా ఉంచేలా మార్చిన కొత్త రూపానికి 2015లో మళ్లీ అనుమతి లభించింది. 2017లో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది.

సుమట్రిప్టాన్ ప్యాచ్ జెకుయిటీ వెనుక ఉన్న ఆలోచన ఇంకా మంచిది. పార్శ్వపు నొప్పి వచ్చినవారిలో చాలామందికి వాంతులవుతాయి, ఆ సమయంలో కడుపు కదలిక మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది. చర్మం గుండా నాలుగు గంటల్లో 6.5 మిల్లీగ్రాములు పంపితే ఆ ఇబ్బంది తప్పుతుంది. 2013లో అనుమతి వచ్చింది, 2015లో అమ్మకాలు మొదలయ్యాయి, తీవ్రమైన కాలిన గాయాలు, శాశ్వతంగా మిగిలే మచ్చల ఫిర్యాదులు రావడంతో 2016 జూన్‌లో అమ్మకాలు ఆపేశారు.

ఇందాక వాయిదా వేసిన లెక్క ఇప్పుడు వేస్తే ఆ ఉత్పత్తి ఎంత అంచున నడిచిందో తెలుస్తుంది. సుమట్రిప్టాన్ అణుభారం 295, 6.5 మిల్లీగ్రాములంటే 22 మైక్రోమోళ్లు, 2.1 కూలుంబులు. కరెంటంతా మందే మోసినా నాలుగు గంటలకు దాదాపు 0.15 మిల్లీ ఆంపియర్ కావాలి. పదోవంతు వాటా అనుకుంటే 1.5 మిల్లీ ఆంపియర్లు. దాన్ని 240 నిమిషాలతో గుణిస్తే దాదాపు 360 మిల్లీ ఆంపియర్ నిమిషాలు, అంటే క్లినిక్‌లో చికిత్సకుడి కళ్లముందు ఇచ్చే 40 నుంచి 80కి నాలుగు నుంచి తొమ్మిది రెట్లు. అదీ ఇంట్లో, నొప్పితో పడుకున్న మనిషి తనంతట తాను అంటించుకున్నప్పుడు. ఫెంటనిల్ ప్యాచ్‌లో ఒక్కో మోతాదుకు పట్టే కరెంటు రెండు మిల్లీ ఆంపియర్ నిమిషాలకన్నా తక్కువ. రెండు ఉత్పత్తులూ ఒకే సూత్రం మీద నడిచినా, చర్మం మీద అవి మోపిన భారంలో ఇంత తేడా ఉంది.

వెనక్కి నడిచే కరెంటు

ఇదే సూత్రంతో మందును లోపలికి పంపే బదులు రక్తపు చక్కెరకు సూచికను బయటికి తీయవచ్చు. గ్లూకోజ్‌కు ఆవేశం లేదు కానీ విద్యుత్ ద్రవాభిసరణతో కదిలే నీటిలో కొట్టుకొస్తుంది. అమెరికాలో 2001లో అనుమతి పొందిన గ్లూకోవాచ్ అనే చేతి గడియారం ఈ దారినే చక్కెరను కొలిచింది. చర్మం ఎర్రబారడం, కొలత మొదలవడానికి గంటల తరబడి వేచి ఉండటం, చెమట పడితే కొలత తప్పిపోవడం దాన్ని దెబ్బతీశాయి. ఇప్పుడు చేతికి అంటించుకుంటున్న నిరంతర గ్లూకోజ్ సెన్సర్లు కరెంటుతో చక్కెరను లాగవు, చర్మం కింద సన్నని తంతువు ఉంచి కొలుస్తాయి.

సూక్ష్మసూదులతో పోలిక, మన చట్టంలో స్థానం

ఈ రంగం భవిష్యత్తు గురించి ఔషధ శాస్త్రజ్ఞుల్లో రెండు దృష్టులున్నాయి. మిల్లీమీటరు కన్నా పొట్టిగా ఉండే సూక్ష్మసూదులు స్ట్రేటమ్ కార్నియమ్‌కు నేరుగా రంధ్రాలు చేస్తాయి కాబట్టి, ఆవేశంతోనూ పరిమాణంతోనూ పని లేకుండా ఇన్సులిన్‌లాంటి పెద్ద అణువులను, టీకాలను పంపగలవని, కరెంటు దారి ఇక అవసరం లేదని కొందరంటారు. రంధ్రాలు దారి చూపుతాయే కానీ ఎప్పుడు, ఎంత పంపాలో నిర్ణయించలేవని, ఆ నియంత్రణ కరెంటుకే సాధ్యమని మరికొందరంటారు. రెండింటినీ కలిపే ప్రయత్నాలు అందుకే సాగుతున్నాయి: సూదులు గోడను తెరుస్తాయి, కరెంటు మోతాదును నడుపుతుంది. పెద్ద అణువుల విషయంలో పై ఇన్సులిన్ లెక్కలో అడ్డుపడింది గోడే కాబట్టి ఈ కలయికకు గట్టి ఆధారమే ఉంది. ఖర్చు మాత్రం మిగిలే ఉంటుంది. కొన్ని రూపాయల మాత్ర చేసే పనిని బ్యాటరీ, సర్క్యూట్, వెండి ఎలక్ట్రోడ్ ఉన్న వాడి పారేసే ప్యాచ్‌తో చేయించాలంటే మాత్ర చేయలేని ఏదో ఒక ప్రయోజనం దానికి ఉండి తీరాలి.

ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ కాలం నుంచి మందు అణువుల తయారీలో ఆరితేరిన హైదరాబాదుకు ఇక్కడ సవాలు అణువు వైపు నుంచి రాదు. పై రెండు ప్యాచ్‌లలోనూ మందు పాతదే, పరీక్షించినదే. దెబ్బతిన్నది తుప్పు పట్టిన భాగం వల్ల, చర్మాన్ని కాల్చిన కరెంటు వల్ల. కాబట్టి ఇలాంటి ఉత్పత్తి చేయాలనుకునేవారికి ఔషధ రసాయనశాస్త్రం ఎంత అవసరమో ఎలక్ట్రోడ్ పదార్థాలు, అంటుకునే జిగురు, ప్యాచ్ లేచిపోతే గుర్తించి ఆపేసే సర్క్యూట్ అంత అవసరం.

మన దేశంలో ఇలాంటి ప్యాచ్ రెండు కోణాల్లో పరీక్షకు నిలబడాలి. లోపలి మందు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోకి వస్తుంది. ప్రమాద స్థాయిని బట్టి పరికరాలను ఏ నుంచి డి వరకు నాలుగు తరగతులుగా విభజించే వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ఔషధాలుగానే లెక్కలోకి వస్తున్నాయి. మందు ఫెంటనిల్‌లాంటిదైతే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా వర్తిస్తుంది. అంచేత "హెర్బల్ కరెంటు ప్యాచ్" వంటి పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువును పరిశీలించేటప్పుడు చూడవలసినవి పెట్టె మీద స్పష్టంగా ఉండాలి: అందులోని మందు పేరు, పరిమాణం, ఏ ఎలక్ట్రోడ్ కింద ఉందో, ఎన్ని మిల్లీ ఆంపియర్లు, ఎన్ని నిమిషాలు, తయారీ లైసెన్సు సంఖ్య. మందు పేరు లేని ప్యాచ్ టెన్స్ తరహా పరికరం కావచ్చు, అది తన పరిధిలో ఉపయోగపడనూ వచ్చు, కానీ దాని గుండా ఒంట్లోకి వెళ్లే మందు ఏదీ ఉండదు.